యంత్రమునకొక పహాణీ

పాలమూరు సీమలో పహాణీ అను మాట తెలియని రైతు లేడు. గద్వాల నడిగడ్డలో కృష్ణా తుంగభద్రల నడుమ చేను దున్నువాడైనను, వనపర్తి చెరువుల క్రింద వరి నాటువాడైనను, నాగర్‌కర్నూలు ప్రాంతమున నల్లమల అంచున జొన్న చల్లువాడైనను, తన భూమి సర్వే నంబరు, విస్తీర్ణము, నీటి వసతి, అనుభవదారు పేరు ఏ గడిలో వ్రాయబడి యుండునో ఎరుగును. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని తెలంగాణమున భూవివాదములలో నేటికిని మూలాధారముగా చూచుచున్నారు. ఆనాడు ఒక గడిలో తప్పుగా పడిన అంకె తాత కాలమున ఎవరి కంటను పడకపోవచ్చును. మనుమని కాలమున అది కోర్టు మెట్లెక్కించును.

పహాణీ భూమిని దున్నదు; నీరు పెట్టదు; పంట కోయదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట మాత్రమే దాని పని. అయినను దున్నువాడు, నీరు పెట్టువాడు, శిస్తు వసూలు చేయువాడు అందరును దానినే నమ్మి నడచుకొందురు. కనుక దానిలోని తప్పు వారందరి తప్పగును.

ఈ కాలపు యంత్రములకు కూడ ఇట్టి పహాణీ ఒకటి కలదు. దానిని డివైస్ ట్రీ అని వ్యవహరింతురు. మనము పరికర వృక్షము అనుకొనవచ్చును. ఒక కొత్త చిప్పు తయారైనప్పుడు, దానిలో ఏ ఏ భాగములున్నవి, అవి ఏ చిరునామాలలో ఉన్నవి, ఏ భాగమునకు విద్యుత్తు ఎక్కడినుండి వచ్చును అను వివరములన్నియు ఈ పత్రములో వ్రాయుదురు. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టము యొక్క గర్భభాగమైన కెర్నెల్ ఈ పత్రమును చదివి, తాను ఎట్టి ఇంటిలో అడుగు పెట్టినదో తెలిసికొనును. ఆ పత్రమును కెర్నెల్‌లో చేర్చుకొనుటకు ముందు తెలిసినవారు పంక్తి పంక్తియు పరీక్షింతురు. పైకి కనబడని ఈ పరీక్ష ఎట్టిదో, దానివలన కలుగు మేలేమో విద్యార్థులును ఉపాధ్యాయులును తెలిసికొనదగినది.

మాటలాడని భాగములు

లినక్స్ 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ చేతిలో పుట్టినది. నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను ఉన్నది ఈ కెర్నెలే. బడిలో పంతులుగారి చేతిలోని ఫోను, ఇంటికి ఇంటర్నెట్టు తెచ్చు చిన్న పెట్టె, పిల్లలు ప్రయోగములకు వాడు రాస్ప్‌బెర్రీ పై పలక, వీనిలో పెక్కింటికి అదియే ప్రాణము.

బల్లమీది సాధారణ కంప్యూటరులో పీసీఐ, యూఎస్‌బీ అను మార్గముల ద్వారా తగిలించిన పరికరములు అడిగినచో తమ పేరు చెప్పుకొనును. పెండ్లింటికి వచ్చిన చుట్టమును ‘మీరు ఎవరి తాలూకు?’ అని అడిగినట్లు, కెర్నెల్ అడుగును. పరికరము తన తయారీదారు సంఖ్యను, తన సంఖ్యను చెప్పును. చిక్కు తీరినది. కాని ఫోనులోని చిప్పు సంగతి వేరు. అందులో గడియారములు, సీరియల్ ద్వారములు, కెమెరాకు దారులు, జ్ఞాపకశక్తిని నడుపు భాగములు అన్నియు ఒకే సిలికాన్ ముక్కలో ఇమిడి యుండును. వీనిలో పెక్కు భాగములు మూగవి. ఫలానా చిరునామాలో ఫలానా భాగమున్నదని ముందుగా ఎవరో చెప్పవలెను. లేనిచో కెర్నెల్ చీకటిలో తలుపు తట్టు బాటసారి వలె తిరుగును. తప్పు తలుపు తట్టినచో యంత్రము అక్కడికక్కడే నిలిచిపోవుటయు కలదు.

పూర్వము ఈ వివరములను కెర్నెల్‌లోనే ప్రోగ్రాముగా వ్రాసెడివారు. ఒక్కొక్క పలకకు ఒక్కొక్క ప్రోగ్రాము. ఏఆర్‌ఎమ్ జాతి చిప్పులు ఫోనుల ద్వారా ప్రపంచమంతటను వ్యాపించిన కొలది, ఈ ప్రోగ్రాములు పుట్టలు పుట్టలుగా పెరిగినవి. ఒకటి వ్రాసినదే ఇంకొకటి వ్రాయుట, ఒకరు దిద్దినది మరొకరికి అందకపోవుట నిత్యమైనది. 2011 మార్చిలో టోర్వాల్డ్స్ ఈ గందరగోళముపై బహిరంగముగా విసిగికొనెను. పరిష్కారము అప్పటికే మరొక జాతి యంత్రములలో ఉన్నది. సన్, ఆపిల్ కంపెనీల యంత్రములలో వాడిన ఓపెన్ ఫర్మ్‌వేర్ పద్ధతి 1994లో ప్రమాణముగా వెలువడినది. దానిలోని పరికర వృక్షమును 2005 ప్రాంతమున పవర్‌పీసీ యంత్రముల లినక్స్‌కు సులభరూపమున అమర్చిరి. గ్రాంట్ లైక్‌లీ మున్నగువారి కృషితో అది ఏఆర్‌ఎమ్ చిప్పులకును వచ్చినది. 2012 డిసెంబరులో వెలువడిన 3.7వ కెర్నెల్‌తో, వేరు వేరు కంపెనీల ఏఆర్‌ఎమ్ చిప్పులను ఒకే కెర్నెల్ నడుపుటకు దారి ఏర్పడినది. కెర్నెల్ ఒక్కటే, పహాణీ మాత్రము పలక పలకకు వేరు.

గడులలో ఏమి వ్రాయుదురు

ఈ పత్రము నిజముగనే చెట్టు వంటిది. మూలము ఒకటి, దానినుండి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. ప్రతి రెమ్మయు ఒక పరికరము. దానికి కొన్ని లక్షణములు వ్రాయవలెను. ‘కంపాటిబుల్’ అను గడిలో ఆ పరికరము పేరు. ‘రెజ్’ అను గడిలో దాని చిరునామా, అవసరమైనచో విస్తీర్ణము. ‘ఇంటరప్ట్స్’ అను గడిలో అది కెర్నెల్‌ను పిలువవలసినప్పుడు మ్రోగించు గంట సంఖ్య. ఇంకను దానికి స్పందన నిచ్చు గడియారము ఏది, విద్యుత్తు ఏ మార్గమున వచ్చును అనునవి. సర్వే నంబరు, విస్తీర్ణము, నీటి వసతి తెలిసిన రైతుకు ఇందులో వింత ఏమియు లేదు.

చిప్పుకు ఒక పత్రము, పలకకు ఒక పత్రము వేరుగా ఉండును. చిప్పు పత్రములో దానిలోనున్న సమస్తమును చెప్పుదురు. కాని బయటి తీగలతో పని గల భాగములను ‘నిద్రించుచున్నవి’ అని గుర్తింతురు. ఆ చిప్పును ఏ పలకపై అతికించిరో, ఆ పలక పత్రములో నిజముగా తీగలు కలిపిన భాగములను మాత్రము మేల్కొలుపుదురు. ఒకే చిప్పు నూరు పలకలపై ఉండవచ్చును. చిప్పు వర్ణన ఒక్కసారి వ్రాసిన చాలును.

ఒక చిన్న ఉదాహరణము. ఎల్‌ఎమ్ 75 అను ఉష్ణోగ్రతామాపకము రెండు తీగల ఐ2సీ మార్గముపై తరచుగా 48 అను చిరునామాలో ఉండును. ఈ 48 మన దశాంశమానము లోనిది కాదు. పదునారు ఆధారముగా గల మానము లోనిది. నాలుగు పదునార్లు అరువది నాలుగు, దానికి ఎనిమిది కలుపగా మన లెక్కలో 72 అగును. పత్రములో ఆ అంకెకు ముందు మానమును తెలుపు గుర్తు ఉంచవలెను. తొందరలో గుర్తు మరచి ఉత్త 48 అని వ్రాసినచో, దానిని దశాంశముగా చదువుదురు. అది పదునారు మానములో 30 అగును. అంతట కెర్నెల్ 30వ ఇంటికి పోయి తలుపు తట్టును. అక్కడ ఎవరును లేరు. ఉష్ణోగ్రత తెలియదు. యంత్రము వేడెక్కుచున్నను చెప్పు నాథుడు లేడు. రెమ్మ పేరులో 48 అనియు, గడిలో 30 అనియు పడినందున, పత్రమును యంత్రభాషలోనికి మార్చు సాధనము ఈ తప్పును పట్టి హెచ్చరించును. ఎనిమిదవ తరగతి లెక్కల పుస్తకములోని స్థానవిలువ పాఠము ఇక్కడ ఒక యంత్రము క్షేమమునకు పనికివచ్చినది.

యంత్రము పట్టగల తప్పులు, పట్టలేనివి

పరికరమును ఎట్లు వర్ణింపవలెనో చెప్పు నియమములకు బైండింగులని పేరు. గద్వాల చీర నడుమ నూలు, అంచున పట్టు. ఆ రెంటిని కలుపు చోట నేతగాడు పోగు పోగును చేతితో పెనవేయును. చీర మన్నిక అంతయు ఆ కలయికలో ఉన్నది. పరికరమును నడుపు ప్రోగ్రాము ఒకవైపు, దానిని వర్ణించు పత్రము మరొకవైపు ఉండగా, బైండింగు అట్టి కలయిక. ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికము, ఏ విలువ చెల్లును అని అది నిర్ణయించును. మొదట వీనిని సాదా వాక్యములలో వ్రాసెడివారు. వాక్యమును మనుష్యుడు చదువగలడు గాని యంత్రము దానితో సరిపోల్చి చూడలేదు. 2018 ప్రాంతము నుండి రాబ్ హెరింగ్ మున్నగు నిర్వాహకుల పూనికతో వీనిని యంత్రము పరీక్షింపగల పట్టిక రూపమునకు మార్చుచు వచ్చిరి. ఇప్పుడు పత్రమును పంపువాడు ముందుగా తన ఇంటనే ఈ పరీక్ష నడిపి, దోషములు దిద్దుకొని పంపవలెను. అట్లు చేయక పంపినచో పరీక్షకులు మొగమాటము లేకుండ త్రిప్పి పంపుదురు.

యంత్రము గడి ఖాళీగా నున్నదని చెప్పును. అక్షరము తప్పినదని చెప్పును. కాని వ్రాసిన విషయము నిజమా అని చెప్పలేదు. ఒక భాగము 1.8 వోల్టుల విద్యుత్తును మాత్రమే తట్టుకొనునది అనుకొందము. పత్రములో 3.3 అని వ్రాసిరి. రూపమున రెండును చక్కని అంకెలే. యంత్రపరీక్షలో రెండును ఉత్తీర్ణమగును. కాని కెర్నెల్ ఆ మాట నమ్మి విద్యుత్తు పెంచినచో ఆ భాగము మాడిపోవచ్చును. ప్రోగ్రాములోని తప్పును దిద్ది మరల నడుపవచ్చును. మాడిన చిప్పును దిద్దు ఉపాయము లేదు. ఇక్కడ కావలసినది చిప్పు తయారీదారుల గ్రంథమును, పలక తీగల పటమును ప్రక్కన పెట్టుకొని అంకె అంకెయు చూచు మనిషి.

పరీక్షకులు తరచుగా వేయు ప్రశ్నలు మూడు.

మొదటిది: ‘ఇది వస్తువర్ణనయా, మీ కోరికయా?’ పలక పత్రములో ‘ఈ భాగమును ఇంత వేగముగా నడుపుము, ఈ పని ముందు చేయుము’ అని ఆజ్ఞలు వ్రాయుటకు కొత్తవారు ఉత్సాహపడుదురు. అది పహాణీలో ‘ఈ ఏడు ఇక్కడ వేరుసెనగ వేయుము’ అని వ్రాసినట్లగును. ఏ పంట వేయవలెనో నిర్ణయించువాడు వేరు. ఈ పత్రములను లినక్స్ మాత్రమే కాక యూ-బూట్, ఫ్రీబీఎస్‌డీ వంటి ఇతర వ్యవస్థలును చదువును. ఒక వ్యవస్థ అభిరుచులను వస్తువర్ణనలో కలిపినచో రెండవదానికి అది పనికిరాదు.

రెండవది పేరును గూర్చినది. కొత్త చిప్పులోని సీరియల్ ద్వారము పాత చిప్పులోని దాని వంటిదే అయినచో, పాత పేరే వ్రాసిన చాలదా అని పంపినవాడు అడుగును. చాలదందురు పరీక్షకులు. ముందు దాని సొంత పేరు, తరువాత తాను పోలిన పెద్దదాని పేరు, రెండును వ్రాయవలెను. కెర్నెల్‌కు కొత్త పేరు తెలియకున్నను పాత పేరు చూచి పని నడుపును. రేపు కొత్త చిప్పులో మాత్రమే ఒక లోపము బయటపడినచో, సొంత పేరును బట్టి దానికి మాత్రమే మందు వేయవచ్చును. అన్నదమ్ములందరిని ఇంటిపేరుతోనే పిలిచినచో జ్వరము వచ్చినవాడెవడో వైద్యునికి తెలియదు. ఒకే గుర్తుతో పది చిప్పులను కలిపి చెప్పు పేర్లను సైతము అందుకే ఒప్పుకొనరు. తయారీదారు మరునాడు అదే వరుసలో వేరు స్వభావము గల చిప్పును తెచ్చినచో ఆ పేరు అబద్ధమగును.

మూడవది, కడపటిది, అన్నిటికంటె కఠినమైనది: ‘పదేండ్లకు ఇది నిలుచునా?’ ఒకసారి కెర్నెల్‌లో చేరిన బైండింగును ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. పలకతోబాటు అమ్ముడుపోయిన పాత పత్రము దానిలోనే నిక్షిప్తమై యుండవచ్చును. దానిని మార్చువారు ఎవరును లేకపోవచ్చును. కొత్త కెర్నెల్ ఆ పాత పత్రమును కూడ చదివి నడువవలెనని నియమము. ఖాస్రా పహాణీలోని అక్షరము డెబ్బది ఏండ్లకును పలుకుచున్నట్లే, ఈ పత్రములోని పేరును దీర్ఘకాలము పలుకును. తయారీదారు ఒక ఫోనును మూడు నాలుగేండ్లకే మరచిపోవచ్చును. దాని వర్ణన సక్రమముగా మూలములో చేరియున్నచో, ఇతరులు దానిని తరువాత కూడ బ్రదికింపగలరు. కొత్త ఫోను కొనలేని ఇంటిలో, ఒకే కంప్యూటరుతో సంవత్సరములు నెట్టుకువచ్చు బడిలో, ఈ తేడా చిన్నది కాదు.

సభాపరీక్ష

ఈ పరీక్ష రహస్యముగా జరుగదు. పత్రమును ఈమెయిలులో అందరికి కనబడునట్లు పంపవలెను. ముందు బైండింగు, పిదప ప్రోగ్రాము, పిదప చిప్పు, పలకల వర్ణన, వేరు వేరు ముక్కలుగా. ఆక్షేపణలు కూడ అందరి యెదుటనే వచ్చును. దిద్ది రెండవ ప్రతి పంపవలెను. మూడవది, నాలుగవది కూడ. ప్రతి ప్రతికిని ‘క్రిందటిసారికంటె ఇందులో మారినది ఇది’ అని వ్రాయవలెను.

పాలమూరు సంస్థానముల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త దృశ్యము కాదు. విద్వద్గద్వాల అని పేరు పొందిన గద్వాలలోను, వనపర్తిలోను, ఆత్మకూరులోను కవులు, పండితులు వచ్చి సభలో తమ విద్యను చూపెడివారు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానములన్నిటిని దర్శించినవారే. సభలో పద్యము చదువుట అనగా పండితుల ప్రశ్నలకు నిలుచుట. గణము తప్పినను, యతి తప్పినను, అర్థము పొసగకున్నను అక్కడికక్కడే ఆక్షేపణ వచ్చెడిది. యతిప్రాసలు సూత్రముతో సరిచూడవచ్చును. ఔచిత్యమును సరిచూచుటకు సహృదయుడే కావలెను. యంత్రపరీక్షకును మనిషి పరీక్షకును గల తేడా ఇంచుమించు అదియే.

ఉన్నదానిని ఉన్నట్లు నమోదు చేయుట ఎంత బలమైన పనియో ఈ సీమవాడే ఒకడు చూపెను. ఇటికాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరను మాట వినబడినప్పుడు, వాదముతో సరిపెట్టుకొనలేదు. ఊరూరి నుండి పద్యములు, వివరములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. పేరు, ఊరు, రచన నమోదైన పిదప లేరనుటకు తావు లేకపోయినది. 1952లో వనపర్తి నుండియే ఆయన హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి.

కెర్నెల్ పనిలోను పేరునకు అట్టి విలువ కలదు. 2004 నుండి, పంపిన ప్రతి ముక్క క్రిందను ‘దీనిని పంపు హక్కు నాకు కలదు’ అను అర్థములో పంపినవాడు తన పేరు చేవ్రాలుగా ఉంచవలెను. పరీక్షించి సరియని నమ్మినవాడు తన పేరును దాని క్రింద చేర్చును; పలకపై నడిపి చూచినవాడు తన పేరు చేర్చును. ఆ పేర్లు మూలచరిత్రలో శాశ్వతముగా నిలిచిపోవును. పొగడ్తకే కాదు, బాధ్యతకును. పదేండ్ల తరువాత తప్పు బయటపడినచో ఎవరు వ్రాసిరి, ఎవరు చూచి ఒప్పుకొనిరి అని ఎవరైనను చదువుకొనవచ్చును.

చూచువారు కావలెను

హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎండీ వంటి కంపెనీలకు చిప్పుల రూపకల్పనా కేంద్రములు కలవు. మన దేశములోను మద్రాసు ఐఐటీవారి ‘శక్తి’, సీడాక్ వారి ‘వేగ’ అను చిప్పుల వరుసలు పుట్టినవి. శక్తి వరుసలోని చిప్పుపై 2018లో లినక్స్ నడచినది. ఇవి రిస్క్-ఫైవ్ అను బహిరంగ పద్ధతిని అనుసరించినవి. ఆ జాతి చిప్పులకు కూడ లినక్స్‌లో ఈ పరికర వృక్షమే వర్ణన. కొత్త చిప్పులు పుట్టిన కొలది కొత్త పహాణీలు వ్రాయవలసి వచ్చును. వ్రాయువారు పెరుగుచున్నారు, ఓపికతో చదివి చూచువారు అంతగా పెరుగుట లేదు. కంపెనీకి అమ్మకపు గడువు దగ్గరపడుచుండును. పరీక్షకుని యెదుట నూర్ల కొలది పత్రములు పడియుండును. ఒకరికి ఆలస్యము బాధ, మరొకరికి తొందర బాధ. ఈ ఒత్తిడిలోనే 1.8 స్థానమున 3.3 జారిపోవుట.

ఈ పనికి రాజధానికో, విదేశమునకో పోవలసిన అవసరము లేదు. లినక్స్ మూలమంతయు ఉచితముగా దొరకును. చిప్పు గ్రంథములలో పెక్కు బహిరంగముగనే ఉన్నవి. వనపర్తి సంస్థానాధీశుల భవనము పాలిటెక్నిక్ కళాశాలగా మారిన సీమ ఇది. అక్కడ చదువు విద్యార్థి ఒక పలకను, దాని గ్రంథమును ముందుంచుకొని, పత్రములోని అంకెలు సరియైనవా కావా అని చూడగలడు. తప్పు కనబడినచో ఒక్క పంక్తి దిద్ది పంపగలడు. ఇంగ్లీషులో వ్రాయవలెను, నలుగురి యెదుట ఆక్షేపణ వినవలెను, మూడుసార్లు దిద్దవలసి వచ్చినను చిన్నబుచ్చుకొనరాదు. చెరువులు త్రవ్వుటకు, ఆనకట్టలు కట్టుటకు దేశమంతటికి వలస పోయిన పాలమూరు బిడ్డలకు, ఊరు విడువకుండ ప్రపంచపు పనిలో చేయి వేయు అవకాశము ఇది.

ఉపాధ్యాయులు ఇందుకు నేడే పునాది వేయవచ్చును. పిల్లవాని చేతికి ఒక పాత రేడియోనో, సైకిలు డైనమోనో ఇచ్చి, అందులో ఏమున్నవో, ఏది దేనితో కలిసినదో ఒక పుటలో వ్రాయుమనవలెను. అది ఏమి చేయవలెనో వ్రాయవద్దు. ఏమి ఉన్నదో మాత్రమే వ్రాయుమనవలెను. పిదప ఆ పుటను ప్రక్క పిల్లవానికిచ్చి, వస్తువుతో సరిపోల్చి తప్పులు గుర్తించుమనవలెను. మొదటివాడు తప్పు ఒప్పుకొని దిద్దుటయు, రెండవవాడు నొప్పింపకుండ తప్పు చూపుటయు నేర్చుకొందురు. ఆ పుట అడుగున ఇద్దరి పేర్లును వ్రాయించవలెను.